అవ్వ ముఖం తప్ప

మొన్న టీచరు ట్రైనింగు దరఖాస్తు మీద అతికించాల్సిన ఫోటో కోసం నెల్లూరులో ఒక స్టూడియో మెట్లెక్కితే, లోపలి చీకటి గదిలోంచి ఫోటోలు కడిగే హైపో మందు వాసన వచ్చింది. పులిసిన గంజిలో రాగి చెంబు కడిగినట్టుండే ఆ వాసనను లోకంలో ఎవరూ ఇష్టపడి పీల్చరు. నేను మాత్రం తలుపు దగ్గర నిలబడి ఎగపీల్చాను. స్టూడియో ఆయన నాకు జలుబనుకుని, ముక్కు తుడుచుకుని కూర్చోమన్నాడు. పాతికేళ్ళు నిండని మనిషి చిన్ననాటి సంగతులు తలుచుకోవడం అతి అని నాకూ తెలుసు గానీ, ఆ వాసన నా వయసు అడగలేదు. తీసుకుపోయి మైపాడు సముద్రపొడ్డు ఇసుకలో దించింది.

మాది అసలు కోవూరు పక్క. మొలకొలుకుల వడ్లు పండే కయ్యను అన్నకు వదిలేసి, మూడు కాళ్ళ మీద నిలబడే పెద్ద కెమెరా ఒకటి, చేతిలో పట్టే పెట్టె కెమెరా ఒకటి సంపాదించుకుని, ఆదివారాల్లోనూ కార్తీకమాసంలోనూ సముద్రం చూడ్డానికి వచ్చే పట్నం జనానికి ఫోటోలు తీసి బతకవచ్చని నాయన మమ్మల్నందరినీ బండెక్కించి మైపాడు చేర్చాడట. నేను ఒళ్ళో పిల్లను కాబట్టి నన్నెవరూ సలహా అడగలేదు. నాయన తల్లిని, అంటే మా అవ్వను అడిగారు, ఆమె వద్దంది, ఎవరూ వినలేదు. పెన్నా కాలవ నీళ్ళు మడికి మళ్ళించడం తప్ప నీళ్ళకు ఇంకో పని ఉంటుందని తెలియని మనిషి, మొదటిరోజు సముద్రం ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, ‘ఇన్ని నీళ్ళుండాయి, ఒక్క కయ్యన్నా తడవదే! ఎందుకబ్బా ఇది?’ అందట. సముద్రం ఏమీ చెప్పుకోలేకపోయింది. అది మొదలు రోజూ సాయంత్రం నీళ్ళ అంచుదాకా పోయి దాన్ని నాలుగు మాటలని రావడం అవ్వకు అలవాటైంది.

ఆ ఊళ్ళో ఋతువులు ముక్కుకు తెలిసేవి. ఎండాకాలమంతా సరుగుడు ఆకుల పొడివాసన, చీల్చిన తాటికాయల్లోని లేత ముంజల వాసన, అమ్మ పుల్లమామిడి ముక్కలు వేసి కాచిన చేపల పులుసును రాత్రంతా ఉట్టి మీద ఊరనిచ్చి పొద్దున సద్దన్నంలో పోసుకునేటప్పటి వాసన. ఇసుక మీద నెత్తళ్ళ చేపలు ఎండబెట్టిన రోజుల్లో ఊరంతా కాకులకు పెళ్ళి భోజనం. కార్తీకం వస్తే ముసురు, తడి వలలు, తడి కట్టెల పొగ. ఆ నెలంతా నీచు తినగూడదని అవ్వ నియమం పెట్టేది. మొదటి వారంలోనే ఆ నియమం తెప్పెక్కి వెళ్ళిపోయేది. మేం పిల్లలం ఎండ్రకాయల కాళ్ళకు దారాలు కట్టి పందేలు పెట్టేవాళ్ళం. అవి పక్కకు తప్ప ముందుకు నడవవు కాబట్టి ఏ పందెమూ తేలిన పాపాన పోలేదు.

మా కూడు ఒక గుడ్డ మీద ఆధారపడి ఉండేది. నాటకాలకు తెరలు రాసే ఒకాయన చేత నాయన రాయించిన ఆ గుడ్డమీద పాలరాతి మెట్లు, ఒక కొలను, రెండు హంసలు, పైన పట్టపగలే పున్నమి చంద్రుడు. దాన్ని రెండు వెదుళ్ళకు కట్టి, సరిగ్గా సముద్రానికి అడ్డంగా నిలబెట్టి, దాని ముందు పట్నం వాళ్ళను కూర్చోబెట్టి ఫోటో తీసేవాడు. ఒక వెదురు అమ్మ పట్టుకునేది, ఇంకొకటి మాకు చేపలు తెచ్చే పోలమ్మ మొగుడు పట్టుకునేవాడు. గాలి కొడితే తెర ఉబ్బి, హంసలకు నెలలు నిండినట్టుండేది. వెనక అసలు సముద్రమే ఉంది, తెర తీసేద్దామా అని నాయన మొదట్లో అందరినీ అడిగి చూశాడు. ‘సముద్రం చూసేసినాం గదయ్యా, మళ్ళా ఫోటోలో గూడా ఎందుకు? ఆ హంసలు రెండూ పడేట్టు తియ్యి,’ అన్నాడు జరీపంచె కట్టిన ఒకాయన. ఆ తర్వాత నాయన ఎవరినీ అడగలేదు.

మూడుకాళ్ళ కెమెరా కూటికి. పెట్టె కెమెరా ఆయన సంతోషానికి. దాంతో ఎవరికీ అక్కర్లేనివన్నీ తీసేవాడు: వల లాగేటప్పుడు వరసగా వెనక్కి వాలిన నడుములు, ఒడ్డుకెక్కిన తెప్పలమీద ఆరబెట్టిన లుంగీలు, ఇసుకలో చెలమ తవ్వి కొబ్బరిచిప్పతో మంచినీళ్ళు తోడే పిల్లలు, వానకు ముందు నల్లబడిన నీళ్ళు, అంత పెద్ద ఒడ్డున ఒంటరిగా నిద్రపోయే కుక్క. ఒకసారి పోలమ్మ బుట్టలోంచి పెద్ద చందువను పైకెత్తి చూపిస్తుంటే తీసి, ఆమెకే ఇచ్చాడు. తన బొమ్మ తాను ఎన్నడూ చూసుకోని మనిషి, దాన్ని అటూ ఇటూ తిప్పి, ‘చేప బాగా పడిందన్నా. దాన్నెత్తుకోనుండే ఆ ముసిల్ది ఎవురు?’ అంది.

ఫోటో కడగడానికి మంచినీళ్ళు కావాలి. మా బావిలోవి ఉప్పన. చెలమలో బిందె నిండేసరికి సగం పొద్దు పోయేది. అందుకని పట్నం వాళ్ళ హంసలకు మంచినీళ్ళు, మైపాడు బొమ్మలకు ఉప్పునీళ్ళు అని నాయన పంచిపెట్టాడు. హంసలు కూడు పెడతాయి మరి.

ఇన్ని తీసినా ఆయనకు అసలు కావలసింది ఒక్కటే, వాళ్ళమ్మ ముఖం. ఎండకు కమిలి, నవ్వబోతే ముందు కళ్ళు మూసుకుపోయి ఆ తర్వాతే నోరు తెరుచుకునే ముఖం. అవ్వ మాత్రం ఫోటో దిగితే ఆయుస్సు తగ్గుతుందని కూర్చుంది. తాత ఒక తిరునాళ్ళలో సరదాపడి ఫోటో దిగి, వారం తిరక్కుండా పోయాడు. అదే తిరునాళ్ళలో అదే గుంట నీళ్ళు తాగి, ఫోటో దిగనివాళ్ళు కూడా అదే కలరాతో పోయారు గానీ, వాళ్ళను అవ్వ లెక్కలోకి తీసుకోలేదు. అప్పటికి నాయన పాకే పిల్లవాడు. తండ్రి ముఖం ఆ తిరునాళ్ళ ఫోటోలో తప్ప ఎరగడు. ఆ కాగితం ముక్క లేకపోతే తనకు తండ్రే లేనట్టని, అందుకే ఆయనకు ఈ కెమెరా పిచ్చి పట్టుకుందని అమ్మ అనేది. ఆయన బతిమాలినప్పుడల్లా అవ్వ గోడ చూపించేది. ‘ఈడ ఎక్కినోళ్ళల్లో బతికుండేవోణ్ణి ఒకణ్ణి చూపించరా అబ్బయా, అప్పుడు దిగతా.’ గోడమీద ఉన్న పటాలన్నిటికీ దండలే. వాదనలో అవ్వ గెలిచినట్టే.

అడిగి లాభం లేదని నాయన పొంచి తీయడం మొదలుపెట్టాడు. తెప్పల చాటున, ఆరేసిన వలల వెనక పెట్టె కెమెరాతో దాక్కునేవాడు. ఊళ్ళో మగవాళ్ళంతా చేపల వేటకు పోతే మా నాయన కన్నతల్లి వేటకు పోయేవాడు. అవ్వకు చెముడు. పక్కన కుండ పగిలినా వినబడదు గానీ, కెమెరా మీట మాత్రం నొక్కకముందే వినబడేది. వంటింటి కిటికీకి గోనెపట్టా కట్టి, ఎర్రగాజు దీపం పెట్టి, నాయన కాగితాన్ని మందులో ముంచితే మేమంతా తట్ట మీదికి వంగేవాళ్ళం. ముందు సముద్రపు గీత తేలేది, తర్వాత చీర అంచు, మోచెయ్యి, ఆఖరికి ముఖం ఉండాల్సిన చోట కొప్పు. ‘ఈసారి గూడా కొప్పే,’ అని అమ్మ లేచిపోయేది. అవ్వ వాటిని ముచ్చటగా చూసుకునేది. ‘ఆయుస్సు ముకానికి గదా, ఈపుకేముండాది? ఎన్నన్నా తీసుకోరా.’

ఒక కార్తీకంలో ముసురు పట్టి వదల్లేదు. అవ్వకు జ్వరం వచ్చి, దగ్గు రొమ్ములోకి దిగింది. బండిబాట నీళ్ళలో మునిగిపోయి, నెల్లూరు ఆస్పత్రి ఉన్నచోటే ఉండి కూడా అందకుండా పోయింది. వాన తెరిపిచ్చిన పొద్దున అవ్వ నాయనను పిలిచి, ‘అబ్బయా, ఆ మూడుకాళ్ళ దాన్ని తీసుకురా. బొమ్మ తీసుకో,’ అంది.

‘ఆయుస్సో మా?’ అన్నాడు నాయన నవ్వబోయి.

‘ఇంక తగ్గేదానికి నా కాడ ఏముండాదిరా?’

అమ్మ ఆమెకు తల దువ్వి, మంచి చీర చుట్టింది. మంచాన్ని వసారాలోకి జరిపి దిండ్లకు ఆనించి కూర్చోబెట్టాం. అన్నాళ్ళకు వచ్చిన ఎండ కడిగిన గాజులా ఉంది. అవ్వ మొదటిసారి కెమెరాకు ఎదురుగా తిరిగి, ముఖాన్ని ఏం చేసుకోవాలో తెలియక, ‘నవ్వాల్నా, గమ్మునుండాల్నా?’ అని అడిగింది. నాయన నల్లగుడ్డ కప్పుకున్నాడు. ఆ కెమెరా వెనక ఒక గాజుపలక ఉంటుంది. అందులో మనిషి తలకిందులుగా, కుడి ఎడమై కనబడతాడు. అది సరిచూసుకోవడానికి ఆయనకు వక్క కొరికినంత సేపు చాలు. ఆరోజు గుడ్డ కింద చాలాసేపు ఉండిపోయాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. బయటికి వచ్చి, ‘వెలుతురు చాలదు మా. రేపు తీస్తా,’ అన్నాడు.

ఎండ అమ్మ గాజులమీద పడి గోడంతా మెరుస్తోంది. అవ్వ వాకిట్లో ఎండను చూసింది, కొడుకును చూసింది. ‘సరేలే, రేపే తీద్దువు. పొయ్యి ఇంత కూడు తిను,’ అంది.

ఇన్నేళ్ళూ ఆ నమ్మకాన్ని ఎగతాళి చేసిన మనిషికి, నొక్కితే నిజంగానే పోతుందేమోనని చెయ్యి రాలేదు. మరునాడు కూడా వెలుతురు చాలలేదు. ఆ మరునాడూ చాలలేదు. అంత చీకటి ఎండను మైపాడులో నేను మళ్ళీ చూడలేదు. ఆ వారం దాటకుండా అవ్వ పోయింది.

మా వైపు పాళేల్లో ఎవరు పోయినా, పాడె ఎత్తకముందు శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, చుట్టూ ఇంటిల్లిపాదీ నిలబడి ఫోటో దిగేవాళ్ళు. దానికి నాయననే పిలుచుకుపోయేవాళ్ళు. అందుకని పోలమ్మ మొగుడు మంచిమనసుతో మూడుకాళ్ళ కెమెరా తెచ్చి వాకిట్లో నిలబెట్టాడు. నాయన దాన్ని ఎత్తుకుపోయి లోపల పెట్టి, ‘మా అమ్మకు ఇష్టం లేదు,’ అన్నాడు. కోవూరు చుట్టాలు ముఖాలు చూసుకున్నారు.

పెద్దకర్మ నాటికి దీపం ముందు పెట్టడానికి పటం కావాల్సి వచ్చింది. ఇంట్లో ఉన్నవన్నీ వీపులే. వాటిలో మంచి వీపును ఏరాం: సాయంత్రపు ఎండలో నీళ్ళ అంచున నిలబడి, ఒక చెయ్యెత్తి సముద్రాన్ని ఏదో అంటున్నది. దండ సులువుగానే పడింది. చిక్కంతా గంధం బొట్టుతో వచ్చింది. నుదురు లేని పటానికి బొట్టు ఎక్కడ పెట్టాలో పురోహితుడికి కూడా పాలుపోలేదు. ఆయన నాయనను చూశాడు, నాయన నేలను చూశాడు. అమ్మ ముందుకొచ్చి కొప్పు నడిమధ్య పెట్టింది. నేను ఫక్కున నవ్వాను. అలాంటి చోట నవ్వితే మామూలుగా నాకు ఒకటి తగిలేది. ఆరోజు ఎవరూ కొట్టలేదు. కొట్టేది అవ్వ.

ఇప్పుడు పట్నం వాళ్ళు మెడలో తమ కెమెరాలే వేసుకుని వస్తున్నారు. మేం కోవూరు తిరిగొచ్చేశాం. ఆ తెర పెదనాయన గడ్డివాము మీద తడుస్తోంది. మంచినీళ్ళలో కడిగిన హంసలు నెల్లూరు ఇళ్ళలో నిక్షేపంగా ఈదుతున్నాయి. ఉప్పునీళ్ళలో కడిగిన మైపాడు మాత్రం పచ్చబడి, మచ్చలుపడిపోయింది. వల లాగేవాళ్ళ చేతుల్లో వల లేదు, కుక్క నిద్రపోయిన చోట కుక్క లేదు. నెగెటివులు ఉప్పుగాలికి ఒకదానికొకటి అంటుకుపోయాయి.

స్టూడియో నుంచి తెచ్చిన నా ఫోటోను అమ్మ వెలుతురులో పట్టుకుని చూసి, ‘అచ్చం అవ్వ ముకమే. కుడి చెంప మీద పుట్టుమచ్చ ఒక్కటే తక్కువ,’ అంది. ఎడమ చెంప మీద అన్నాడు నాయన. కుడి అంది అమ్మ. ఆఖరుసారి అంతసేపు చూసింది నేనే కదా అన్నాడు నాయన. చూసింది గాజుపలకలో కదా, కుడిఎడమలు సరిచేసుకునే చెబుతున్నావా అని నేనడిగాను. ఆయన తన చెంపలు రెండూ తడుముకుని చూసి, తెలియదన్నాడు. ‘నువ్వు ఆమె పక్కలోనే గదే పండుకునింది, నువ్వు చెప్పు,’ అన్నాడు.

నేను కళ్ళు మూసుకున్నాను. నీళ్ళ అంచు కనబడింది, ఎత్తిన చెయ్యి కనబడింది. ఎంత పిలిచినా అవ్వ ఇటు తిరగలేదు.

‘ఎడమే,’ అన్నాను.