ఇసుక మీద నేర్చుకున్న స్కీయింగ్

మావాళ్ళు మంచుకొండలకి బయల్దేరితే పెట్టెలో మొదట పడేది రైస్ కుక్కర్. జాకెట్లు, చేతి తొడుగులు ఆ తర్వాత. సౌదీలోని అల్ ఖోబర్‌లో పక్కపక్క వీధుల్లో ఉండే మూడు తెలుగు కుటుంబాలం మేము. శీతాకాలం సెలవుల్లో ఇటలీలోని డోలమైట్ కొండలకి మొదటిసారి వెళ్ళినప్పుడు, దేశం దాటి తిరిగి రావడానికి కావలసిన ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసాలు చేతికొచ్చిన సాయంత్రమే ఆవకాయ ఎవరు, కందిపొడి ఎవరు, కుక్కర్ ఎవరి పెట్టెలో అని పంచుకున్నాం. అక్కడ తిండి దొరక్క కాదు. అన్నం తినకపోతే మనవాళ్ళకి తిన్నట్టుండదు, అంతే.

నేను అల్ ఖోబర్‌లోనే ఒక స్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. వాలుతలం మీద పెట్టిన వస్తువు ఎందుకు జారుతుందో, ఎక్కడ ఆగుతుందో ఏళ్ళ తరబడి బోర్డు మీద బాణాలు గీసి చెప్పినదాన్ని. ఆ వస్తువు నేనే అయిన రోజున ఒక్క బాణం కూడా గుర్తు రాలేదు. మొదటి ఉదయం పాదాలకి స్కీ పలకలు కట్టుకుని, కొత్తవాళ్ళు నేర్చుకునే పిల్లల వాలు మీదే కూలబడ్డాను. మోకాలు కొంచెం వాచింది. రెండు రోజుల్లో వాపు తీసింది గానీ ఆలోపే నా సంగతి తేలిపోయింది. నీకెందుకీ రిస్కు, హాయిగా రెస్ట్ తీసుకో అన్నారు మావారు. రెస్ట్ అంటే మూడు కుటుంబాలకి మధ్యాహ్నం అన్నం, పప్పు, వేపుడు. మగవాళ్ళు పడలేదా అంటే, నాకంటే ఎక్కువ పడ్డారు. వాళ్ళు పడితే అది రాత్రి భోజనాల దగ్గర జోకు. నేను పడితే అది నిర్ణయం.

మేం దిగిన ఫ్లాట్ వంటింటి కిటికీలోంచి ఒక వాలు పైనుంచి కిందిదాకా కనిపించేది. అక్కడ లోయనుంచి లోయకి మనుషుల్ని కుర్చీల్లో మోసే లిఫ్టులున్నాయి, ఒక ఊళ్ళో స్కీలు కట్టుకుంటే సాయంత్రానికి నాలుగైదు ఊళ్ళు చుట్టి రావచ్చు. లిఫ్టు దగ్గర పెట్టిన పెద్ద మ్యాపు చూస్తే రంగుదారాల చిక్కులా ఉంటుంది. మావాళ్ళు తిరిగింది ఆ చిక్కులో కిందనున్న ఒకటి రెండు పోగుల మీదే. మాటలు మాత్రం సింహాచలం గిరి ప్రదక్షిణ చేసొచ్చినంత. నేను ఉల్లిపాయలు తరుగుతూ ఆ వాలు మీద దిగేవాళ్ళని చూసేదాన్ని. నాకంటే పెద్దవాళ్ళు దిగుతున్నారు, లావుపాటివాళ్ళు దిగుతున్నారు, వాళ్ళ వెనకాల పప్పు కోసం ఎవరూ ఎదురుచూడటం లేదు.

అంతవరకూ నాకు ఉక్రోషమే, పట్టుదల కాదు. పట్టుదల మా అమ్మాయి వల్ల వచ్చింది. దానికప్పుడు పదకొండేళ్ళు. స్కీ క్లాసులో ఒకసారి అదుపు తప్పి పక్కనున్న వల మీదికి దూసుకుపోయింది. దెబ్బ తగల్లేదు, నలుగురూ చూశారని ఏడ్చింది. మర్నాడు క్లాసుకి వెళ్ళనంది. వంటింట్లోకొచ్చి, చెప్పకుండానే పీట లాక్కుని నా పక్కన వెల్లుల్లి ఒలవడం మొదలుపెట్టింది.

"నావి నీ కాళ్ళేనమ్మా. మనిద్దరికీ ఇది రాదు" అంది, చాలా మామూలుగా.

మా బృందంలో అందరికంటే పెద్దావిడ ఉన్నారు. కరీంనగర్ ఆవిడ, అందరం అక్కా అంటాం. వంటింటికి ఆవిడే పెద్ద. మనసు బంగారం, అందులో అనుమానం లేదు. ఆవిడ పోపు గరిటె పట్టుకునే మా అమ్మాయి తల నిమిరారు. "మంచిగయింది తియ్యి. పిల్ల నా కాడ ఉంటది. పోపు పెట్టుడు నేర్పిస్త" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అక్క మీద కాదు, పిల్ల మీదా కాదు. ఆ మాట విని అమ్మాయి హాయిగా ఊపిరి పీల్చుకుంది చూడండి, ఆ ఊపిరి మీద. పదకొండేళ్ళ పిల్లకి కిటికీ ఇవతలే బాగుందంటే, అక్కడ బాగుంటుందని చూపించింది నేనేగా. తర్వాతి ఏడు ఇదే కిటికీలోంచి కనిపించే ఇదే వాలు మీద, పైనుంచి కిందిదాకా, మా అమ్మాయి చూస్తుండగా దిగాలనుకున్నాను. లేకపోతే అది జీవితాంతం వెల్లుల్లి ఒలుస్తూ నన్నే సాక్ష్యం చూపిస్తుంది.

అనుకోవడం తేలికే. దమ్మామ్‌లో విమానం దిగితే చుట్టూ ఉన్నది ఇసుక. అదృష్టం ఏ రూపంలో వస్తుందో చెప్పలేం. ధహ్రాన్‌లోని ఒక కాంపౌండ్‌లో ఉద్యోగం ముగించుకుని ఫైనల్ ఎగ్జిట్ మీద స్వదేశం వెళ్ళిపోతున్న ఇంజనీరు ఒకాయన ఇంట్లో సామానంతా వాకిట్లో పరిచి అమ్ముతున్నారని తెలిసి, పూలకుండీల కోసం వెళ్ళాను. కుండీల వెనక ఆయన భార్య పాత స్కీలు, బూట్లు ఉన్నాయి. రెండు జతల మేజోళ్ళు వేసుకుంటే బూట్లు సరిపోయాయి. వీటిని ఇక్కడ ఎక్కడ వాడతారని ఆయన అడిగారు. నేను గోడ అవతలి ఇసుకకేసి చెయ్యి చూపించాను. ఆయన నవ్వలేదు, మంచి మనిషి.

హాఫ్ మూన్ బే దారిలో ఇసుక దిబ్బలున్నాయి. శుక్రవారం పొద్దున్నే, జనం రాకముందే అక్కడికి వెళ్ళేవాళ్ళం. మావారు కారు నడిపేవారు, వేళాకోళం కూడా ఆయనే చేసేవారు. నేల విడిచి సాము చేస్తున్నావన్నారు ఒకసారి. నేల విడవటం ఎక్కడ, దాని మీదే పడుతున్నానుగా అన్నాను. స్కీల అడుగున కొవ్వొత్తి రుద్దితే కొంచెం జారేవి. దిబ్బ ఎక్కడం మాత్రం నరకం. రెండడుగులు ఎక్కితే ఒకటి కిందికి జారుతుంది. అక్కడ నాలుగు చక్రాల బైకులు అద్దెకిచ్చే పెషావర్ ఆయన కొన్ని వారాలు చూసి చూసి, నా అవస్థ భరించలేక, "బైఠో బాజీ", కూర్చో అక్కా, అని వెనక కూర్చోబెట్టుకుని పైన దింపడం మొదలుపెట్టాడు. అదే నా లిఫ్టు.

ఎండలు ముదిరాక దిబ్బల జోలికి పోలేం. అప్పుడు ఇంట్లో గోడకుర్చీ వేసేదాన్ని. బళ్ళో అల్లరి చేసిన పిల్లలకి వేసే శిక్షే. వీపు గోడకి ఆనించి, కుర్చీ లేకుండా కుర్చీలో కూర్చున్నట్టు. తొడలు వణికేదాకా అలాగే ఉండేదాన్ని. అమ్మాయి ఫోన్‌లో టైం చూస్తూ, టీచర్‌కే గోడకుర్చీ అని తెగ సంబరపడేది. దిబ్బల దగ్గరికీ వచ్చేది. రావడానికి ఒక షరతు పెట్టింది, చూడ్డానికి వస్తాను, స్కీలు వేసుకోమని అడక్కూడదని. నేను అడగలేదు. చాప మీద కూర్చుని, ఫ్లాస్కు పక్కన పెట్టుకుని, నేను పడిన ప్రతిసారీ వీడియో తీసేది.

ఇసుకలో ఒక కిటుకుంది. ముందుకి వంగితే స్కీల ముక్కులు ఇసుకలో దిగబడి మనిషి మొహం మీద పడతాడు. బరువు వెనక్కి వెయ్యాలి. ఇది నాకు నోట్లోకీ ముక్కులోకీ ఇసుక వెళ్ళాక తెలిసింది. తెలిశాక మాత్రం అలవాటు చేసుకున్నాను. మళ్ళీ చలికాలం వచ్చేసరికి అక్కడి పెద్ద దిబ్బ మీంచి వెనక్కి వాలి, పడకుండా, దర్జాగా దిగేదాన్ని. పెషావర్ ఆయన చప్పట్లు కొట్టాడు. నాకు వచ్చేసిందనుకున్నాను.

అదే ఊరు, అదే ఫ్లాట్, అదే కిటికీ. చేరిన సాయంత్రం అందరి ముందూ చెప్పాను, ఆ వాలు దిగేదాకా నేను వంట చెయ్యనని. మావారు ఫోన్‌లోకి చూసుకున్నారు. మరి తినుడెట్ల అని అక్క ఒక్కరే నిజాయితీగా అడిగారు. నేను నా స్కీలు చూసుకోవడానికి కింద గదిలోకి వెళ్ళాను.

అక్క ప్రశ్నకి జవాబు మర్నాడు నేను పిల్లల వాలు నుంచి తిరిగొచ్చేసరికి కనిపించింది. అక్క పక్కన నిలబడి మా అమ్మాయి పప్పులో ఉప్పు చూస్తోంది. నేను వదిలేసిన పని నా కూతురి మీద పడింది. ఎవరూ దాన్ని పిలవలేదట, అదే వెళ్ళిందట. దాని కోసం అద్దెకి తెచ్చిన స్కీలు కింద గదిలో పొడిగా నిలబడి ఉన్నాయి. ఆ పూట నాకు అన్నం సహించలేదు. గరిటె అందుకుని దాన్ని బయటికి పంపేద్దామా అనుకున్నాను. పంపితే వెళ్ళదు, నా పక్కనే పీట వేసుకుంటుంది. తిరిగి మంచు మీదికే వెళ్ళాను.

మంచు మీద నా సంగతి చెప్పుకోవడానికి లేదు. నేర్పే ఆయన రోజూ ముందుకి, ముందుకి అని అరుస్తున్నాడు. నేనేమో తల వంచుతున్నాను, నడుం వెనక్కే పోతోంది. ఏడాదంతా ఇసుక నేర్పిన పాఠం కాళ్ళు మర్చిపోనంటున్నాయి. ఇసుకలో వెనక్కి వాలితే నిలబడతాం. మంచులో వెనక్కి వాలితే స్కీలు మనల్ని వదిలి ముందే వెళ్ళిపోతాయి. ఈ తేడా ఎందుకో తరగతిలో అయితే బాణాలు గీసి చెప్పగలను. చెప్పగలిగితే చాలదని ఆ వారమంతా పడుతూ తెలుసుకున్నాను.

ఆఖరి రోజు పొద్దున్న అమ్మాయి బియ్యం కడుగుతుంటే దాని దగ్గరికి వెళ్ళి, పైకి వెళ్తున్నానని చెప్పాను. వద్దంది. దిగలేకపోతే స్కీలు భుజాన వేసుకుని అంచు వెంట నడిచొస్తానన్నాను. నీకేమైనా పిచ్చా అమ్మా అంది. ఉండొచ్చనుకుని బూట్లు బిగించుకున్నాను.

పైన లిఫ్టు కుర్చీలోంచి దిగి కిందికి చూస్తే, ఆ వాలు కిటికీలోంచి కనిపించినట్టు లేదు. వంటింట్లోంచి అది మెత్తగా ఆరేసిన తెల్లపంచెలా ఉండేది. పైనుంచి చూస్తే గోడ. నిజంగా భయమేసింది, దాచుకోను. మోకాళ్ళు వంచి బయల్దేరాను. స్కీలు పరుగందుకున్నాయి, నడుం వెనక్కి పోయింది, కూలబడ్డాను. లేచాను. ఇంకో నాలుగు గజాలు, మళ్ళీ అదే. నా పక్కనుంచి పసిపిల్లలు రివ్వున దిగిపోతున్నారు. ఈసారి లేవకుండా మంచులోనే కూర్చుని, నడిచి దిగితే ఎంతసేపు పడుతుందా అని కిందికి చూశాను.

లిఫ్టు కుర్చీలు సరిగ్గా ఆ వాలు మీదుగానే పైకి పోతుంటాయి. నా నెత్తి మీంచి తెలుగు వినిపించింది.

"అమ్మా, వెనక్కి వాలకు! ఇది ఇసక కాదు!"

తలెత్తి చూస్తే మా అమ్మాయి, కాళ్ళకి స్కీలు వేలాడుతూ, కుర్చీ కడ్డీ పట్టుకుని. కుర్చీ దాన్ని పైకి మోసుకుపోయింది. అక్కడి నుంచి దిగే దారి నేను కూర్చున్న దారే. పిల్ల దిగలేక పైనే నిలబడిపోతే ఏం చెయ్యాలా అని పైకే చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి స్కీల ముక్కులు రెండూ దగ్గరికి చేర్చి, నాగలిలా, ఏడుపు మొహంతో, అంగుళం అంగుళం దిగుతూ నా దగ్గరికి వచ్చింది. వచ్చి ఆగింది. ఆగగలిగింది.

ఏడాదంతా నన్ను వీడియోలు తీసింది కదా, నా తప్పు నాకంటే దానికి బాగా తెలుసు.

"గోడకుర్చీ గుర్తుందిగా. ఇప్పుడు గోడ వెనకాల లేదు, ముందుంది. మోకాళ్ళు దానికి ఆనించు" అంది, ముక్కు ఎగబీలుస్తూ.

ఆనించాను. ముందర లేని గోడని నమ్మడం ఎంత కష్టమో దిగినవాళ్ళకే తెలుస్తుంది. బూటు అంచు పిక్కకి ముందువైపు నొక్కుకుంది, స్కీలు మాట విన్నాయి. అమ్మాయి ముందు, నేను వెనక. మలుపులో నేను పడ్డాను. తర్వాతి మలుపులో అది పడింది, ఈసారి ఎవరు చూశారా అని పక్కలకి చూడలేదు. నన్ను లేపడానికి వస్తూ ఒకసారి, లేపి మరోసారి పడింది. నవ్వొచ్చి ఇద్దరం కాసేపు లేవలేకపోయాం. అలా పడుతూ లేస్తూ, పూర్తిగా, అడుగు కూడా నడవకుండా దిగాం.

కింద బెంచీ మీద ఎండలో అక్క శాలువా కప్పుకుని కూర్చుని ఉన్నారు. పిల్ల కడిగే బియ్యం వదిలేసి ఉరికిందట, ఏమయితదోనని తానూ వెనకాలే వచ్చారట. ఆవిడ నా జాకెట్ మీద మంచు దులిపి, పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకున్నారు.

ఫోన్ మోగింది. చేతి తొడుగు పళ్ళతో లాగి తీశాను. మావారు. మగవాళ్ళంతా ఆకలితో ఫ్లాట్‌కి చేరారట, కుక్కర్ చూస్తే బియ్యం పచ్చిగానే ఉన్నాయట, మీరందరూ ఎక్కడున్నారని అడుగుతున్నారు. నేను జవాబు చెప్పబోతుంటే అమ్మాయి స్కీలు విప్పకుండానే లిఫ్టు వరుసలోకి వెళ్ళి నిలబడింది. వెనక్కి తిరిగి నా కోసం చూస్తోంది.

"ఒకటికి రెండు నీళ్ళండీ" అన్నాను. "మేం ఇంకోసారి పైకెళ్ళొస్తాం."