లేబుళ్లక్క అడిగే ప్రశ్న

ఆమె కుట్టు దుకాణం బస్టాపు వెనక సందులో ఉంది. కొత్త బట్టలు కుట్టడం చేతకాక కాదు, తీరిక లేక మానేసింది. వచ్చే తల్లులందరిదీ దాదాపు ఒకటే పని: పిల్లల చొక్కాల మెడ దగ్గరి లేబుళ్లు ఊడదీయించుకోవడం, లోపలి కుట్లు ఒంటికి గుచ్చుకోకుండా బయటికి తిప్పించుకోవడం. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి ఆ చిన్న గుడ్డముక్క ముల్లులా తగులుతుంది. పిల్ల ఎందుకు ఏడుస్తోందో ఇంట్లోవాళ్లకు అంతుపట్టదు. ఆమెకు మాత్రం తెలుసు. ఆమె కొడుకు చిన్నప్పుడు అలాగే చొక్కాలు చింపుకునేవాడు. ఇప్పుడు తల్లికన్నా జానెడు పొడుగు. మిషనుకు నూనె పెట్టడంలో వాడిని మించినవాడు లేడు, కొత్తవాళ్లొస్తే మాత్రం పరదా వెనక్కి వెళ్లిపోతాడు. అందరూ ఆమెను లేబుళ్లక్క అంటారు. అసలు పేరు ఆమెకైనా గుర్తుందో లేదో.

లేబులు ఊడేలోపు ఆమె నోరు ఊరుకోదు. పిల్లకి మాటలు నేర్పే టీచరుందా, ఇలాంటి పిల్లలకిచ్చే సహాయ నిధికి దరఖాస్తు పెట్టారా, పెట్టకపోతే ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారంటూ తల వాచేలా చీవాట్లు పెడుతుంది. నిధి ఆఫీసు ఫోను ఎవరూ ఎత్తడం లేదంటే, "ఎత్తేదాకా పెట్టెయ్యకు. స్పీకర్లో వేసి గిన్నెలు తోముకో," అంటుంది. అలా తోమి తోమి సాయం సంపాదించుకున్న ఇళ్లు ఆ చుట్టుపక్కల చాలానే ఉన్నాయి. అంత గయ్యాళితనంలోనూ ఆమెను చూస్తే ముచ్చటేస్తుంది.

ఒక మధ్యాహ్నం ఒక కోడలు సంచినిండా గౌన్లు వేసుకుని వచ్చింది, వెంట అత్తగారు. పాపకి ఏడు నిండబోతున్నాయి. మాటలు లేవు. తలుపు తెరిచి ఉంటే రోడ్డు మీదికి ఒకటే పరుగు. నిధి వాళ్లు కిందటిసారి కుదరదన్నారు.

"ఎందుకు కుదరదట?" అంది లేబుళ్లక్క.

"ఆఫీసరు ఫోన్ చేసి పాప ఎలా ఉందమ్మా అన్నారక్కా. బాగానే ఉందండీ అన్నాను."

లేబుళ్లక్క కత్తెర కింద పెట్టి నెత్తి కొట్టుకుంది. "నువ్వూ అన్నావా! మర్యాదకి నువ్వన్నావు, వాళ్లు నిజమనుకుని రాసుకున్నారు. మావాడప్పుడు నేనూ అదే అని చచ్చాను. మళ్లీ పెట్టుకునేసరికి వాడికి వయసు దాటిపోయింది."

ఏడు నిండితే ఆ సాయం ఇవ్వరు. మళ్లీ దరఖాస్తు పెడితే, వచ్చే వారం ఆఫీసరు ఇంటికే వచ్చి ఇంట్లోవాళ్లందరినీ అడిగి చూస్తానన్నారు. ఇదే ఆఖరి అవకాశం. ఇది పోతే టీచరు లేదు, చూసుకోవడానికి మనిషి లేదు. కోడలికి ఆ భయమే. అత్తగారికి వేరే పట్టుదల.

"పరాయి మనిషి ముందు కూర్చుని నా మనవరాలికి అది రాదు, ఇది రాదు అని చెప్పాలా? అది బంగారం! పక్కనే ఉండి వింటుంది కూడాను. నా వల్ల కాదమ్మాయ్," అని ఖరాఖండిగా చెప్పేసింది పెద్దావిడ.

ఆ మాట విన్నాక లేబుళ్లక్కకు కోపం రాలేదు. పైగా పెద్దావిడ తెగ నచ్చేసింది. కాసేపు దారం కొస నములుతూ కూర్చుంది.

"అయితే పాప గురించి ఒక్క ముక్క చెప్పకండి పెద్దమ్మా. మీ రోజు చెప్పండి. పొద్దున లేచిన దగ్గర్నుంచి మీరేం పడుతున్నారో చెప్పండి, చాలు."

తన పాట్లు చెప్పుకోమంటే కాదనే పెద్దవాళ్లు ఎక్కడైనా ఉంటారా? ఆవిడ ఆలోచిస్తానంది. లేబుళ్లక్క లోలోపల భుజం తట్టుకుంది.

ఆఫీసరొచ్చే రోజు కోడలు బతిమాలితే లేబుళ్లక్క కూడా వెళ్లింది. మేడ మీద రెండు గదులు. కిటికీలన్నిటికీ బోల్టులు, బాల్కనీ తలుపుకి తాడు. పాప బల్ల కింద కూర్చుని డబ్బా మూత తిప్పుకుంటోంది. తండ్రి డ్యూటీకి వెళ్లాడు. ఆఫీసరమ్మ మంచిమనిషి, కుర్చీ వద్దని నేల మీదే కూర్చుంది. ముందు కోడల్ని అడిగింది. కోడలు అత్తగారి వైపు చూసింది. అప్పుడు ఆఫీసరమ్మ పెద్దావిడ వైపు తిరిగింది.

పెద్దావిడ కళ్లజోడు సర్దుకుంది. "నా రోజుకేముందమ్మా, కూర్చుని తినేదాన్ని. మా కోడలి రోజు చెప్తాను."

అయిపోయిందనుకుంది లేబుళ్లక్క. అత్తగారు కోడలి గురించి మొదలెడితే ఎక్కడ తేలుతుందో ఆమెకు తెలియనిదా!

"ఇది తలుపు మూసుకుని స్నానం చేసి ఎన్నాళ్లయిందో. పిల్ల ఎక్కడ బయటికి పోతుందోనని చెవి ఇటే పడేసి ఉంటుంది. నిలబడే తింటుంది, అదీ సగంలో వదిలేసి పరిగెడుతుంది. పిల్ల గోడకేసి తల కొట్టుకుంటే మధ్యలో తన చెయ్యి పెడుతుంది. ఆ చెయ్యి చూపించవే. ఇంత ఎండల్లో పొడుగు చేతుల జాకెట్టు ఎందుకు తొడుక్కుందనుకున్నారు? మొన్న పక్కింటావిడ పిల్లని పెంచడం రాదా అంటే నవ్వి ఊరుకుంది. తర్వాత నాకు వినబడకూడదని వంటింట్లో కుళాయి తిప్పి ఏడ్చింది. వినబడిందమ్మా." పెద్దావిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "నేనా, పరిగెత్తలేను. ఇంకో మనిషి ఇంట్లో ఉంటే ఇది కాసేపు కూర్చుంటుంది. అంతకంటే చెప్పడం నాకు రాదు."

కోడలు అత్తగారిని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఆ కళ్లు తప్పులు వెతుకుతున్నాయనే ఇన్నాళ్లూ అనుకుంది పిచ్చిది.

ఆఫీసరమ్మ చాలాసేపు రాసుకుంది. వెళ్లేటప్పుడు, "ఇది చాలండీ, నేను చూసుకుంటాను," అంది. అన్నట్టే నిధి మంజూరైంది. మాటలు నేర్పే టీచరొచ్చింది, మధ్యాహ్నాలు చూసుకోవడానికి ఒకామె వచ్చింది. ఘనతంతా తనదేనని పెద్దావిడ వీధంతా చెప్పుకుంది. తప్పేముంది, నిజమే కదా.

ఆఫీసరొచ్చిన ఆ రోజు తిరిగొస్తూ లేబుళ్లక్క బస్టాపులో కూర్చుని ఏడ్చింది. తను కూడా అచ్చం అలాంటి రోజులే గడిపింది. వాటిని ఇంట్లో ఒక్కరూ చూడలేదు, ఒక్కరూ ఇంకొకరికి చెప్పలేదు. ఆ కోడలి మీద అసూయపడింది. కాసేపటికి ముఖం తుడుచుకుని దుకాణం తెరిచింది.

అప్పట్నుంచి ఆమె తల్లుల్ని అడగడం మానేసింది. వెంట వచ్చినవాళ్లను అడుగుతోంది. ఈమధ్య ఒక డ్రైవరు పెళ్లాన్నీ పిల్లాడినీ తీసుకుని వచ్చాడు.

"మీ ఆవిడ రోజు చెప్పు బాబూ," అంది లేబుళ్లక్క.

"పొద్దున్నే లేస్తుందండీ."

"లేచి?"

అతను భార్య వైపు చూశాడు. ఆమె వంగి పిల్లాడి బూటు లేసు కడుతోంది, తల ఎత్తలేదు.

"వచ్చే వారం చెప్తానండీ," అన్నాడు చివరికి. "ఈ వారం సెలవు పెట్టి ఇంట్లో ఉంటాను."