పుంగనూరు దారిలో బానెట్ చలిమంట

కుప్పంలో మా శీనుగాడి నిశ్చితార్థం. డిసెంబరు చలిలో వాడితో కలిపి స్నేహితులం నలుగురం మదనపల్లె నుంచి కారులో బయల్దేరాం. పుంగనూరు దాటామో లేదో, బానెట్‌లోంచి గుప్పున ఆవిరి లేచింది.

రోడ్డు పక్క ఇంటి అవ్వను నీళ్లడిగాం. ఆమె బిందె తెచ్చి కింద పెట్టి, అరచేతులు రెండూ బానెట్ మీదికి చాపింది.

"రెడ్డెమ్మా, ఇట్లా రా! ఈడ బలే వెచ్చగా ఉండాది!"

చూస్తుండగానే కారు చుట్టూ దుప్పట్లు కప్పుకున్న జనం చేరారు. ఒకాయన బంపరంత ఎత్తున్న దూడను కూడా తెచ్చి నిలబెట్టాడు. ఇంజను చల్లారితే గాని రేడియేటర్ మూత తీయలేం. అది చల్లారకూడదని వాళ్ల ఆశ.

"పెండ్లికొడుకంట, ముందుకు రానీండి. చలికి వణకతాండాడు," అంది అవ్వ.

వాడు వణుకుతున్నది కాబోయే మామగారిని తలుచుకుని. ఈలోగా వాడి పట్టుపంచె అంచును దూడ నమలడం మొదలుపెట్టింది.

"చల్లారిపోతాండాది, ఇంకొక తూరి స్టార్ట్ చెయ్యప్పా," అన్నాడు దూడ ఆసామి.

చివరికి మేమే గెలిచాం. నీళ్లు పోసి కదులుతుంటే అవ్వ కిటికీలోకి తల పెట్టి చెప్పింది.

"తిరిగొచ్చేటప్పుడు గూడా ఈడనే చెడగొట్టుకోండప్పా. సాయంత్రం చలి ఇంకా ఎక్కువ."

శీనుగాడు నమిలిన పంచెతోనే తాంబూలాలు పుచ్చుకున్నాడు. తిరుగు దారిలో కారుకు ఏ జబ్బూ లేదు. అయినా ఆ ఇంటి ముందు ఆపాం. మేం దిగేలోపే దూడ వచ్చి తన చోట్లో నిలబడింది.