చిల్లుల రేకు మీద చెయ్యి

దయ్యం కనిపించిందని ఎవరైనా నా దగ్గరికొస్తే, ముందు అన్నం తిన్నావా అని అడిగేదాన్ని. ఆకలో, నిద్ర చాలకపోవడమో, ఇంట్లో గొడవో లేకుండా మనిషికి దయ్యాలు కనపడవని నా లెక్క. తాయెత్తులు కట్టుకున్నవాళ్లను చూసి ముఖం మీదే నవ్వేదాన్ని. అందుకే ఇది రాయడానికి నాకే సిగ్గుగా ఉంది. అయినా జరిగింది జరిగినట్టు రాస్తాను. నేను అక్షరాలు నేర్చుకుంది యాభై ఎనిమిదో ఏట. తప్పులుంటే సర్దుకుని చదవండి.

నా పేరు మస్తానమ్మ. మాది ఇందుకూరుపేట దగ్గర. నెల్లూరు బయట ఒక షెడ్డులో పదమూడేళ్లు ప్రెస్సు మిషను మీద పనిచేశాను. పల్చటి రేకును మిషను కిందికి తోస్తే పైనుంచి పంచ్ దిగుతుంది. రూపాయి బిళ్లంత ముక్క తెగి కింద డబ్బాలో పడుతుంది. రేకును కాస్త జరిపి మళ్లీ కొట్టాలి. ఆ బిళ్లలను వేరే చోట సీసా మూతలుగా ఒత్తుతారు. రేకంతా అయిపోయాక మన చేతిలో మిగిలేది వరసలు వరసలుగా చిల్లులు. కింద పడింది సరుకు, పైన మిగిలింది తుక్కు.

ఆ తుక్కు రేకులు మేం ఇంటికి తెచ్చుకునేవాళ్లం. కోళ్ల గూటికి, దొడ్డికి, దేనికైనా పనికొచ్చేవి. మా వసారాకు పడమటి వైపు తడిక బదులు అవే నిలబెట్టి కట్టాము. తెగిన రేకుకు అడుగు వైపు అంచులు గరుగ్గా ఉంటాయి. చేతులు గీరుకోకుండా ఆ వైపు బయటికి పెట్టాము.

ఆ పని నాకు నేర్పింది రమీజక్క. నాకంటే ఆరేడేళ్లు పెద్దది. ఒకే మిషను మీద వంతులేసుకుని చేసేవాళ్లం. ఆ మిషనుకు రెండు బటన్లు ఉండేవి. రెండు చేతులతో రెండూ నొక్కితేనే పంచ్ దిగాలి. చేతులు రెండూ బటన్ల మీదుంటే పంచ్ కిందికి పోవు కదా, అందుకు.

నేను ఎడమ బటను మీద సైకిల్ ట్యూబు ముక్క బిగించి కట్టేదాన్ని. అప్పుడు కుడి చేత్తో ఒక్క బటను నొక్కితే చాలు, ఎడమ చెయ్యి రేకు జరుపుకోవచ్చు. పని తొందరగా అయ్యేది. మిషను మీద హెచ్చరిక బోర్డు ఉండేది. నాకు చదువు రాదు కాబట్టి తెలియదని చెప్పుకోవచ్చు. కానీ అది అబద్ధం. మేస్త్రీ నోటితోనే నాలుగుసార్లు చెప్పాడు. నాకు బాగా తెలుసు.

రమీజక్క తిట్టేది. "ఏందిమే, వేళ్లు ఎక్కువై కట్టినావా ఆ ట్యూబు?"

"నీ వంతు వచ్చినప్పుడు ఊడదీసుకోక్కా. నీ వేళ్లకేం కాదులే" అనేదాన్ని. ఇద్దరం నవ్వుకునేవాళ్లం. అలా అన్నా, నా వంతు అయిపోగానే నేనే తీసేసేదాన్ని, ప్రతిసారీ.

ఒక్క మధ్యాహ్నం మర్చిపోయాను. ఆకలేసి సద్ది డబ్బా తీసుకుని వెళ్లిపోయాను. రమీజక్క వచ్చి కూర్చుంది. బిళ్ల ఇరుక్కుంటే తియ్యడానికి ఎడమ చెయ్యి లోపల పెట్టింది. కుడి మోచెయ్యి బటనుకు తగిలింది. ఎడమ చేతి నడిమి వేలు, ఉంగరం వేలు పోయాయి. ఆ రోజు డబ్బాలో బిళ్లలన్నీ పారబోశారు.

తర్వాత ఓనరు అందరినీ నిలబెట్టి, ట్యూబు ఎవరు కట్టారని అడిగాడు. చేతికి పెద్ద కట్టుతో రమీజక్క కుర్చీలో కూర్చుని ఉంది. నేను నేల చూస్తున్నాను. ఆమె నా వైపు ఒకసారి చూసి, "నేనే కట్టుకున్నా సార్, తొందరపడి" అంది.

ఆమె తప్పే కాబట్టి తమ బాధ్యత లేదన్నారు. ఆమె పని పోయింది. ఎందుకలా చెప్పావని నేనెప్పుడూ అడగలేదు. అడిగితే ఒప్పుకున్నట్టే కదా. కొన్నాళ్లకు ఆమె సూళ్లూరుపేటలో కూతురు షాహిదా దగ్గరికి వెళ్లిపోయింది. నాలుగేళ్లకు గుండెజబ్బుతో చనిపోయింది. నేను వెళ్లలేదు. జ్వరమని కబురు పంపాను. జ్వరం లేదు.

ఇక అసలు సంగతి. పని మానేశాక, మా కోడలు సుజాత దగ్గర అక్షరాలు దిద్దడం మొదలుపెట్టాను. సాయంత్రం నాలుగింటికి వసారాలో గోడకేసి తిరిగి కూర్చునేదాన్ని. వెనక నుంచి ఎండ చిల్లుల రేకులో పడి, గోడ మీద గుండ్రటి వెలుగులు వరసగా పరుచుకునేవి. ఎవరైనా రేకు అవతల నిలబడితే అంతమేర వెలుగులు ఆరిపోతాయి. పక్కింటివాళ్లు వచ్చారని అలాగే తెలిసేది.

ఒకరోజు పలక మీద 'ర' దిద్దుతుంటే గోడ మీద కొన్ని వెలుగులు ఆరాయి. ఎవరో రేకుకు అరచెయ్యి ఆనించినట్టు. "ఎవురు?" అన్నాను. వెనక్కి తిరిగాను. రేకు చిల్లులన్నీ వెలుగుతున్నాయి, అవతల ఎవరూ లేరు. మళ్లీ గోడ చూశాను. చెయ్యి ఇంకా ఉంది. కాసేపటికి పోయింది.

మరునాడూ వచ్చింది. మూడోనాడు సరిగ్గా చూశాను. అరచెయ్యి ఉంది, బొటనవేలు, చూపుడువేలు, చిటికెనవేలు ఉన్నాయి. మధ్యలో రెండు వేళ్లుండాల్సిన చోట వెలుగులు అలాగే ఉన్నాయి.

భయపడలేదు. కోపం వచ్చింది. రేకు అవతల ఆముదం చెట్టు ఉంది, దాని ఆకు చెయ్యిలాగే ఉంటుంది. చెట్టు నరికేశాను. అయినా వచ్చింది. నా కళ్లలో శుక్లాలేమోనని నెల్లూరు వెళ్లి చూపించుకున్నాను. ఏమీ లేవన్నారు. సుజాతకు ఏమీ చెప్పకుండా నా చోట కూర్చోబెట్టాను. "అత్తా, ఎవురో చెయ్యి పెట్టుండారు చూడు" అంది. "ఎన్ని వేళ్లే?" అన్నాను. లెక్కపెట్టి, "మూడే కనపడతన్నాయి" అంది. ఆమె రమీజక్కను ఎప్పుడూ చూడలేదు.

ఇక ఆగలేకపోయాను. సూళ్లూరుపేట బస్సెక్కాను. నోటితో చెప్పలేనని ఒక కాగితం మీద రాసుకుని పోయాను. నా అంతట నేను రాసిన మొదటి వాక్యం అది. 'ఆ ట్యూబు కట్టింది నేను.'

షాహిదా రెండుసార్లు చదివింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"మా నాయన చచ్చిపోయేదాకా అమ్మను 'చేతకానిదానా, నీ వేళ్లు నువ్వే కోసుకున్నావు' అని దెప్పినాడు పిన్నీ. అమ్మ ఒక్కమాట మాట్లాడలేదు. నేనూ నాయన మాటే నిజమనుకున్నా. ఇప్పుడొచ్చి చెప్తావా?"

లేచి వచ్చేస్తుంటే గోడ సంగతి కూడా చెప్పేశాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

వారం తర్వాత మా ఇంటికొచ్చింది. కాఫీ ఇస్తే తాగలేదు. నాలుగింటికి వసారాలో గోడకెదురుగా కూర్చుంది. వెలుగులు పడ్డాయి. ఒక్కటీ ఆరలేదు. అరగంట గడిచింది.

"ఏం లేదే పిన్నీ" అంది. అయినా లేవకుండా గోడనే చూస్తోంది. ఆ చెయ్యి రావాలనే కూర్చుందని అప్పుడు తెలిసింది నాకు.

ఆమె లేచి బయటికెళ్లి, రేకు అవతల నిలబడింది. నేను చెప్పిన చోటే తన ఎడమ చెయ్యి ఆనించింది. "గరుగ్గా ఉండాది. ఇట్టాగేనా?" అంది.

గోడ మీద చెయ్యి పడింది. మూడు వేళ్లు. మధ్యలో వెలుగులు అలాగే ఉన్నాయి.

రేకు వైపు తిరిగాను. చిల్లుల్లోంచి షాహిదా చెయ్యి కనిపిస్తోంది. అయిదు వేళ్లూ రేకుకు అదిమి ఉన్నాయి. గోడ వైపు తిరిగాను. మూడే. మళ్లీ రేకు చూశాను, అయిదు. గోడ చూశాను, మూడు.

"కనపడతందా పిన్నీ?" అని అవతల నుంచి అడిగింది.

"కనపడతందమ్మా" అన్నాను. "తియ్యబాక. కాసేపు అట్నే ఉంచు."

ఎండ దిగిపోయేదాకా ఆమె చెయ్యి తీయలేదు. లోపలికి వచ్చాక ఆ చెయ్యి పట్టుకుని వేళ్లు ఒక్కొక్కటే తడిమి చూశాను. చిల్లుల అంచులు ఒత్తుకుని అరచేతి నిండా గుండ్రటి గుర్తులున్నాయి. అయిదు వేళ్ల మీదా ఉన్నాయి. నేను ఎందుకు తడుముతున్నానో ఆమె అడగలేదు. కాఫీ చల్లారిపోయిందని మళ్లీ కాచాను. ఈసారి తాగింది.

ఆ తర్వాత చెయ్యి రాలేదు. సముద్రపు ఉప్పుగాలికి ఆ రేకులు తుప్పు పట్టి చాలావరకు రాలిపోయాయి. షాహిదా చెయ్యి ఆనించిన ఆ ఒక్క రేకు మాత్రం సుజాత తీసేద్దామన్నా నేను తీయనివ్వడం లేదు. ఎండ అలా ఎలా పడిందో మిషన్లు తెలిసినవాళ్లను అడిగాను, బడి పంతులుగారిని అడిగాను. ఎవరూ చెప్పలేకపోయారు. నేనూ చెప్పలేను. నాలుగింటికి మాత్రం ఇప్పటికీ అక్కడే, గోడకేసి కూర్చుంటాను.