పిక్క నొప్పీ, దొరసానుల తాళంచెవీ

నడిరాత్రి పిక్క పట్టేస్తే ఎలా ఉంటుందో పట్టినవాళ్లకే తెలుస్తుంది. హాయిగా నిద్రపోతున్న మనిషి కాలిని ఎవరో తడిబట్ట పిండినట్టు పిండుతారు. కండ గట్టిగా బిగుసుకుని, బొటనవేలు దానంతటదే పైకి లేచి నిలబడుతుంది. "అమ్మో!" అని నేను అరిచిన అరుపుకి మావారు ముందు లైటు వేసేవారు, తరవాత కళ్లజోడు వెతుక్కునేవారు, ఆ తరవాత "ఏ కాలు?" అని అడిగేవారు. ఈలోగా పక్కగదిలోంచి మా అత్తగారు వచ్చి, నా పాదం ఒళ్లో పెట్టుకుని వేళ్లు వెనక్కి వంచేవారు.

మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తున్న కొత్తలో సంగతి ఇది. కూకట్‌పల్లిలో ఒక ఇంటి పైవాటాలో అద్దెకుండేవాళ్లం. మావారు జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో కెమిస్టు. నేనేమో రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ పిచ్చెక్కిపోతాయని హడలిపోతున్న అమెరికా వాళ్ల కోసం, పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాల్ని నాలుగంకెలు చేసే పనిలో ఉన్నాను. ప్రపంచాన్ని కాపాడుతున్నానని నాకు మహా గొప్ప. నా పిక్కని కాపాడుకోవడం మాత్రం చేతకాలేదు.

పొద్దున కుళాయి దగ్గర కింది వాటా ఇంటావిడ నన్ను నిలేసేది.

"ఏందమ్మా, రాత్రి గట్ల మొత్తుకున్నవ్? మీ ఆయన గిట్ల కొట్టిండా ఏంది?"

"అబ్బే, పిక్క పట్టేసిందండి."

"నేను మస్తు పరేషానయిన. నరం మీద నరం ఎక్కుంటది. జర ఆముదం రాసి కాపడం పెట్టు."

పెట్టాను. దుప్పట్లు జిడ్డోడాయి గానీ నొప్పి తగ్గలేదు. మావారు కాల్షియం బిళ్లలు తెచ్చిపోశారు. కాలనీ డాక్టరుగారు "ఏం చేస్తుంటారమ్మా?" అన్నారు. కంప్యూటర్ ఉద్యోగం అన్నాను. "అదీ సంగతి!" అన్నారు. ఏది సంగతో చెప్పలేదు. ఆ రోజుల్లో తలనొప్పి దగ్గర్నించి జుట్టు రాలడం దాకా అన్నింటికీ కంప్యూటరే కారణం. బలానికి టానిక్ రాసిచ్చి పంపేశారు.

మా అత్తగారిది కృష్ణా జిల్లా, చేతిలో సొంత వైద్యం ఉండనే ఉంది. "నిద్రలో అరుపంటే గాలో ధూళో అమ్మాయ్. ఇనుము దగ్గరుంటే ఏదీ రాదు" అని తన ట్రంకుపెట్టె తాళంచెవి, జానెడు పొడుగుది, నా తలగడ కింద పెట్టారు. పిక్క నొప్పి పోలేదు సరికదా, అది గుచ్చుకుని మెడనొప్పి అదనంగా వచ్చింది.

వైద్యం మాట ఎలా ఉన్నా, ఆవిడ కన్ను మాత్రం చురుకు. ఆదివారం రాత్రి నాకు నొప్పి రాదని, పండగ సెలవులప్పుడూ రాదని కనిపెట్టేశారు.

"ఇంట్లో ఉన్ననాడు లేని నొప్పి, ఆఫీసుకెళ్లిన నాడే ఎందుకొస్తోంది?"

ప్రశ్న సరైనదే. అందుకే నాకు ఒళ్లు మండింది.

"ఉగాది దాకా చూద్దాం. అప్పటికీ తగ్గకపోతే ఆ ఉద్యోగం మానెయ్యి. ఒంటికన్నా ఎక్కువా ఏమిటి?"

మావారు పేపరు మడతపెట్టి "అమ్మ చెప్పిందీ నిజమే" అన్నారు. ఆయన పేపరు మడతపెట్టారంటే తీర్పు అయిపోయినట్టే. ఆ ఉద్యోగమంటే నాకు ప్రాణం. అమీర్‌పేటలో కోర్సు నేర్చుకుని, ఎక్కే గుమ్మం దిగే గుమ్మంగా తిరిగి సంపాదించుకున్నది. పిక్క కోసం దాన్ని వదులుకోవాలా?

ఇక మా ఆఫీసు వైభవం చెప్పాలి. బయట బండలు పేలుస్తున్న దుమ్ము, లోపల స్వెటర్ వేసుకోవాల్సినంత చలి. రోజు విడిచి రోజు ఏదో ఒక విదేశీ బృందం హైదరాబాదు భవిష్యత్తును చూడ్డానికి వచ్చేది. ఆ భవిష్యత్తు మేమే. వాళ్లు హాల్లోకి రాగానే పనున్నా లేకపోయినా కీబోర్డులు టకటకలాడించాలి. మా అంతస్తులో ఆడవాళ్ల బాత్రూమ్ ఒకటుండేది, దానికెప్పుడూ తాళం. అది వచ్చే దొరసానుల కోసమట. మేం వాడితే పాడైపోతుందని అడ్మిన్ ఆఫీసరు బెంగ. మా కోసం కింద, క్యాంటీన్ వెనకాల ఇంకొకటి. కార్డు గీకి బయటికెళ్లి, లిఫ్టు కోసం నిలబడి, మళ్లీ కార్డు గీకి లోపలికొచ్చేసరికి టీమ్ లీడర్ గడియారం చూస్తూ ఉండేవాడు.

అందుకని ఆడవాళ్లం ఒక పద్ధతి పెట్టుకున్నాం. నీళ్లు తాగం. పొద్దున కాఫీ తాగి ఇల్లు వదిలితే, మళ్లీ సాయంత్రం గుమ్మంలో చెప్పులు విప్పాకే గొంతు తడపడం. ఎవరూ చెప్పక్కర్లేదు, పాతవాళ్లని చూసి కొత్తవాళ్లు నేర్చుకునేవారు. "నాకు అలవాటైపోయింది" అని చెప్పుకోవడం ఒక హోదా. కూలర్ దగ్గర గుటగుటా తాగే మగవాళ్లని చూసి, పాపం వీళ్లకి నిగ్రహం లేదనుకునేవాళ్లం. డాక్టరుగారు ఇదేదీ అడగలేదు. అడిగినా సిగ్గుతో చెప్పేదాన్ని కాదు.

ఉగాది వారం రోజుల్లోకి వచ్చింది. కంపెనీ వాళ్లు ఒక శనివారం మా ఇళ్లవాళ్లని ఆఫీసు చూడ్డానికి పిలిచారు. ఆ మేడ చూస్తే అత్తగారి మనసు మారుతుందేమోనని నా ఆశ. ఆవిడ పట్టుచీర కట్టుకుని వచ్చారు. అద్దాలన్నీ చూసి "ఇవి తుడవలేక చస్తారు" అన్నారు. సమోసా తిన్నారు. ఆవిడకి షుగరు, తరచూ బాత్రూమ్‌కి వెళ్లాలి. నా చెవిలో చెప్పగానే చెయ్యి పట్టుకుని లిఫ్టు వైపు తిప్పాను.

"కిందికెళ్దాం రండి అత్తయ్యా."

"ఎదురుగా తలుపు మీద గౌను బొమ్మ కనిపిస్తుంటే కిందికెందుకు?"

అడ్మిన్ ఆఫీసరు పరుగున వచ్చాడు. "అమ్మా, అది గెస్టులకు. ఫారిన్ నుంచి లేడీస్ వస్తరు గద. జర కిందికి పోండి."

మా అత్తగారు ఆయన్ని ఎగాదిగా చూశారు. "ఏం నాయనా, ఆ దొరసానులకేనా వచ్చేది? మాకు రాదా?"

మా టీమ్ లీడర్ చేతిలో సమోసా నోటి దాకా వెళ్లి ఆగింది.

"అట్ల కాదమ్మా, రూల్..."

"రూలు నువ్వు చూసుకో. నేను ఇక్కడే నిలబడతాను. తరవాత నేల నువ్వే తుడిపించుకుందువు గాని."

తాళంచెవి పరుగెత్తుకుంటూ వచ్చింది.

బయటికొచ్చాక ఆవిడ ముక్కున వేలేసుకున్నారు. "లోపల పూలగుత్తి కూడానటే! మరి రోజూ మీరంతా ఎక్కడికెళ్తారు?"

మా పక్క సీటు పిల్లది కర్నూలు, నోట్లో మాట దాగదు. "యాడికీ పోము ఆంటీ. నీళ్లే తాగము."

"పొద్దున్నించీనా?"

"సాయంత్రం దాకా. ఎవరమూ తాగము."

అత్తగారు నా కాళ్ల వైపు చూశారు. తరవాత ఆ పిల్లని అడిగారు. "నీకూ రాత్రిళ్లు పిక్కలు పడతాయా?"

"పట్టకేమి ఆంటీ! ఏడుపొస్తాది." వెనకనుంచి ఇంకో అమ్మాయి "నాకూ" అంది. మరొకతె వంగి కాలు తడుముకుంది. ఇన్నాళ్లూ ఒక్కళ్లం ఇంకొకళ్లకి చెప్పుకోలేదు.

"ఓసి మీ చదువులు తగలెయ్య! పాలిచ్చే గేదెకైనా ముందు కుడితి పెట్టి, తరవాత పాలు పితుకుతారే. శివరాత్రికి కూడా నేను నీళ్లు మానను. మీరు రోజూ కటిక ఉపవాసాలా? ఏ దేవుడి కోసం?"

ఆఫీసరు నెమ్మదిగా చెయ్యి చాచాడు. "అమ్మా, తాళంచెవి..."

ఆవిడ దాన్ని కొంగున ముడేసుకున్నారు. "మా కోడలి దగ్గరుంటుంది. దొరసానులొస్తే అడిగి తీసుకో." టీమ్ లీడర్ కాదనలేదు, ఆఫీసరూ కాదనలేదు. అన్ని కుటుంబాల ముందు ఏమని కాదంటారు?

ఆ రాత్రి ఆవిడ నా తలగడ కింద నుంచి ట్రంకుపెట్టె తాళంచెవి తీసేసుకున్నారు. తన వైద్యం తప్పిందని మాత్రం ఒప్పుకోలేదు. "తాళంచెవితో తగ్గుతుందని ముందే చెప్పానా? మనం వేరేది పెట్టాం, అంతే."

సోమవారం పొద్దున లంచ్ బ్యాగులో క్యారియర్ పక్కన పెద్ద నీళ్ల సీసా కనిపించింది. "మరి ఉద్యోగం సంగతి ఏమిటత్తయ్యా?" అని భయపడుతూనే అడిగాను.

"సాయంత్రం ఈ సీసా ఖాళీగా ఇంటికి రావాలి. ఏనాడు నిండుగా వస్తే ఆనాడే మానిపిస్తాను."

ఆ మధ్యాహ్నమే ఒక బృందం దిగింది. అందులో ఒకావిడకి అవసరమైందట, ఆఫీసరు చెమటలు తుడుచుకుంటూ నా సీటు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "మేడమ్, జర తాళంచెవి..."

సీసాలో ఇంకా సగం ఉంది. ఒక్క నిమిషం ఆగమని అది మొత్తం తాగేశాను. ముందు నేను వెళ్లొచ్చి, ఆ తరవాత ఇచ్చాను.