కొత్త చేపకు తావు

ఉమాపతి రోజూ కాఫీ తాగేముందు హాల్లోని చేపల తొట్టి అద్దాన్ని వేలితో ఒకసారి తడతాడు. చేపలన్నీ గబగబా అటు వస్తాయి. ఆ ఇంట్లో అతను పిలిస్తే వచ్చేవి అవే. మదనపల్లెలో టమోటా మండీ నడిపే గంగులప్ప ఇంటికి ఇల్లరికం వచ్చినప్పటి నుంచి తొట్టి కడిగే పని అతనిదే. సోఫాలో ఎప్పుడూ అంచునే కూర్చుంటాడు, ఎవరైనా వస్తే వెంటనే లేవడానికి వీలుగా.

మొన్న ఆదివారం బెంగళూరు నుంచి ఒక నీలం సిక్లిడ్ చేపను తెచ్చాడు. అది ఉన్న ప్లాస్టిక్ సంచిని తొట్టి నీళ్లమీద తేలేలా వదిలి, లైటు ఆర్పి, మోచేతి దాకా చెయ్యి ముంచి తొట్టిలోని రాళ్లన్నీ మార్చసాగాడు. అది చూసి గంగులప్ప, "యాలప్పా, ఆ రాళ్లు కదిలిస్తాండావు?" అన్నాడు.

"ఒక్కో చేప ఒక్కో రాయి నాదనుకుంటాది మామా. అట్లే ఉంటే కొత్తదాన్ని కొరికి సంపేస్తాయి. తావులు మారిస్తే అన్నీ కొత్తవే, కొట్లాట తగ్గుతాది."

"వచ్చిన చేప కోసరం ఉన్న చేపలు ఇల్లు మార్చుకోవాల్నా? బాగుండాదే నీ న్యాయం!" అని నవ్వి, గంగులప్ప పెద్ద రాయిని తానే పాత మూలకు జరిపాడు. ఉమాపతి తడి చెయ్యి తువ్వాలుతో తుడుచుకున్నాడు. మళ్లీ తొట్టిలో పెట్టలేదు. సంచి విప్పగానే ఆ రాయి దగ్గరే ఉండే పసుపు చేప వచ్చి నీలం చేప తోక కొరికింది.

ఇప్పుడు నీలం చేప ఫిల్టరు గొట్టం వెనకే ఉంటోంది. మేత వేస్తే, మిగతావన్నీ తిని వెళ్లాక వస్తుంది. పెళ్లయి మూడేళ్లయినా ఉమాపతి చొక్కాలు మంచం కింద సూట్‌కేసులోనే ఉన్నాయి.