ఇత్తడి గ్లాసు కాల్చిన రోజు

నరసరావుపేటలో మా అపార్టుమెంటు లిఫ్టు పక్కన నిన్న కొత్త బోర్డు వెలసింది: ‘పనివారు మెట్లు వాడవలెను.’ దాన్ని తీసివేయమని వెంటనే ఉత్తరం రాసి, సంతకం చేసి అపార్టుమెంటు సంఘానికి ఇచ్చాను. ఇస్తుంటే చిన్ననాటి మాటొకటి గుర్తొచ్చింది.

నా ఈడు స్నేహితులారా, ఎండుమిరప ఘాటుకు తుమ్ముకుంటూ ఆడుకున్న రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. గురజాలలో మా వాకిట్లో తొడిమలు తీసే కూలీల దోసిళ్లలోకి నాయనమ్మ ఎత్తు నుంచి నీళ్లు పోసేది. వారిలో ఒకామె కూతురు మరియమ్మ, నా తరగతే. ఒకనాడు వట్టివేళ్ల వాసన నిండిన కుండనీళ్లు ఆమెకు నా ఇత్తడి గ్లాసులో ఇచ్చాను. మైలపడిందని నాయనమ్మ ఆ గ్లాసును పొయ్యిలో వేసి కాల్చింది.

“గ్లాసును గూడా కాలుస్తారా! పాపం, అదేం జేసిందే?” అని మరియమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

“నాకూ ఎత్తి పొయ్యి,” అని నాయనమ్మ ముందు దోసిలి పట్టాను.

“ఏందే నీ తిక్క!” అంటూనే పోసింది.

మూడు రోజులు అలాగే తాగాను. నాలుగో రోజు ఎండకు దాహం ఓర్వలేక, దోసిలి వదిలి అదే గ్లాసు అందుకున్నాను. మరియమ్మ చూడనే చూసింది.

“ఏమే, మూడ్రోజులకే చేతులు నొప్పి పుట్టినయ్యా?” అంది, నీళ్ల కోసం తన దోసిలి పడుతూ.